ఇంటి దగ్గరే ఓటు: ఫారం 12డి ఎవరిస్తారు, ఎవరికిస్తారు, ఎన్నాళ్లలో తిరిగివ్వాలి

పోలింగ్‌కు వారం ముందు చాలా ఇళ్లలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది. "నాన్నగారికి ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారట కదా, ఎవరికి చెప్పాలి?" అప్పటికి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఇంటి దగ్గర ఓటు వేయాలంటే ముందు ఫారం 12డి అనే దరఖాస్తు ఇంటికి రావాలి, నింపాక తిరిగి వెళ్లాలి. ఈ రాకపోకలన్నీ ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లోపు అయిపోవాలి. పోలింగ్ తేదీ ఊరంతటికీ తెలుస్తుంది, నోటిఫికేషన్ తేదీని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఇంటి ఓటు విషయంలో మాత్రం క్యాలెండర్ మీద గీత గీసుకోవాల్సింది ఆ తేదీకే.

ఇంట్లో 85 దాటిన పెద్దవాళ్లు గానీ దివ్యాంగులు గానీ ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొత్తగా బీఎల్వో (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) బాధ్యత పడిన టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలకు కూడా పనికొస్తుంది. ఎందుకంటే పొరపాట్లు రెండు వైపులా జరుగుతాయి.

ముందు చట్టం సంగతి

ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 60(సి) సెక్షన్ కొన్ని వర్గాల ఓటర్లకు పోస్టల్ బ్యాలెట్ ఇచ్చే వీలు కల్పించింది. దాని ఆధారంగా 2019 అక్టోబరులో ఎన్నికల నిర్వహణ నియమాలు, 1961ని సవరించి 'గైర్హాజరు ఓటరు' అనే వర్గాన్ని చేర్చారు. అప్పుడు వృద్ధుల వయసు పరిమితి 80 ఏళ్లు. 2024 మార్చి 1న వచ్చిన మరో సవరణతో అది 85కు పెరిగింది.

తెలంగాణలో తికమక వచ్చిందీ ఇక్కడే. 2023 నవంబరు 30న జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో 82 ఏళ్ల అవ్వ ఇంటి నుంచే ఓటు వేసే వీలుంది. ఆరు నెలలు తిరక్కుండా 2024 మే 13న లోక్‌సభ ఎన్నికలు వచ్చేసరికి అదే అవ్వకు ఆ వీలు పోయింది. "పోయినసారి వచ్చారుగా, ఈసారీ వస్తారు" అని కూర్చుంటే పోలింగ్ రోజు సాయంత్రం అయిపోతుంది. దేశమంతటా లోక్‌సభ ఎన్నికల్లో ఇంటి ఓటు అమలైంది కూడా 2024లోనే మొదటిసారి. కాబట్టి చాలామందికి ఇది ఇంకా కొత్త పద్ధతే. ప్రతి ఎన్నికకూ ముందు నియమం ఎలా ఉందో ఒకసారి చూసుకోవడం మంచిది.

పేరులో పోస్టల్ అని ఉన్నా ఇందులో తపాలా శాఖ ప్రమేయం లేదు. దరఖాస్తు తెచ్చేది బీఎల్వో, బ్యాలెట్ తెచ్చేది పోలింగ్ బృందం. పోస్టుమ్యాన్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఎవరికి వర్తిస్తుంది

ఓటరు జాబితా ప్రకారం 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్న దివ్యాంగులు, ఎన్నికల సంఘం నోటిఫై చేసిన అత్యవసర సేవల్లో పోలింగ్ రోజు డ్యూటీలో ఉండేవాళ్లు. మూడో వర్గానిది వేరే దారి, దాని గురించి తర్వాత చెబుతాను.

మంచం పట్టిన 70 ఏళ్ల మనిషి సంగతేమిటి? జాలి కలిగించే విషయమే గానీ, వైకల్య ధ్రువపత్రం లేకపోతే 12డి రాదు. మోకాళ్ల నొప్పులు, ఈమధ్యే అయిన ఆపరేషన్, ఆస్పత్రిలో చేరడం, ఇవేవీ లెక్కలోకి రావు. అలాంటివాళ్లు బూత్‌కే వెళ్లాలి. అక్కడ వీల్‌చైర్ కావాలంటే ఎన్నికల సంఘం యాప్‌లో ముందుగా అడగొచ్చు.

ఒకే ఇంట్లో ఆయనకు 87, ఆవిడకు 79 అనుకోండి. బృందం వచ్చి ఆయన చేత మాత్రమే ఓటు వేయిస్తుంది. పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడ పోలింగ్ రోజు లైన్లో నిలబడాల్సిందే. ఆ ఇంటికి వెళ్లిన ప్రతి బీఎల్వోకూ ఈ విషయం మీద చీవాట్లు తప్పవు. పాపం, నియమం రాసింది ఆయన కాదు.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటూ భారత పౌరసత్వం ఉన్నవాళ్లు ఫారం 6ఏతో ఓటరుగా చేరొచ్చు గానీ, 12డి వాళ్లకు వర్తించదు. ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని సొంత ఊరి బూత్‌కు రావాల్సిందే. ఇక ఎన్నికల డ్యూటీ పడిన ఉద్యోగులది ఫారం 12. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకదానికి బదులు ఇంకొకటి నింపేవాళ్లున్నారు. డి అనే అక్షరం ఉందో లేదో చూసుకున్నాకే పెన్ను తీయండి.

షెడ్యూల్ రాకముందే చేసుకోవాల్సింది

బీఎల్వో తన ఇష్టం వచ్చిన ఇంటికి వెళ్లి ఫారం ఇవ్వడు. నియోజకవర్గంలో ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారి ఓటరు జాబితాలోంచి తీసి ఇచ్చిన పేర్ల ప్రకారం వెళ్తాడు. జాబితాలో మీ అమ్మమ్మ వయసు 83 అని పడి ఉంటే, ఆవిడకు నిజంగా 88 ఏళ్లున్నా ఆ పేరు బీఎల్వో చేతిలో ఉండదు. మన పాతతరం వాళ్లకు పుట్టిన తేదీలు ఎలా రాశారో తెలిసిందే. బడిలో చేర్చినప్పుడు మాస్టారు వేసిన తేదీ ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. ఇక్కడ పనిచేసేది ఓటరు జాబితాలో ఉన్న వయసు.

అందుకని ఎన్నికల వాసన తగలగానే ఓటరు సేవల పోర్టల్‌లో ఎపిక్ నంబరు (ఓటరు కార్డు మీద ఉండే నంబరు) కొట్టి వివరాలు చూడండి. వయసు తప్పుంటే ఫారం 8 పెట్టి సరిచేయించాలి. దివ్యాంగుల విషయంలో కూడా ఇదే ఫారం 8. అందులో వైకల్యం వివరాలు నమోదు చేయించుకునే వీలుంది. చేతిలో సదరం సర్టిఫికెట్ ఉన్నా, పింఛన్ వస్తున్నా, ఓటరు జాబితాలో ఆ గుర్తు లేకపోతే మీ పేరు బీఎల్వో దగ్గరికి చేరదు. పింఛన్ల లెక్క వేరు, ఓటర్ల లెక్క వేరు. ఒకదాంట్లో ఉంటే రెండోదాంట్లో ఉన్నట్టే అనుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

ఇంకో మాట. పెద్దవాళ్ల ఓటు పల్లెలో ఉంటుంది, మనిషి మాత్రం హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో కొడుకు ఫ్లాట్‌లో ఉంటారు. బీఎల్వో వెళ్లేది జాబితాలో ఉన్న చిరునామాకు. అక్కడ తాళం కనిపిస్తే అంతే సంగతి. పెద్దవాళ్లు నిలకడగా మీ దగ్గరే ఉంటున్నట్టయితే ఫారం 8తోనే చిరునామా మార్పించండి. నెలకో కొడుకు దగ్గర ఉండేవాళ్లయితే ఆ రోజులకు ఎక్కడుంటారో ముందే అనుకోండి.

బీఎల్వో గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు

పంపిణీకి సంబంధించిన అసలు నియమాలు ఇక్కడున్నాయి. బీఎల్వో ఇంటికి వచ్చి 12డిని ఓటరుకు ఇచ్చి, అందినట్టు రసీదు మీద సంతకం తీసుకోవాలి. ఓటరు ఇంట్లో లేకపోతే తన ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లి, మళ్లీ రావాలి. ఇంటి ఓటు కావాలో వద్దో ఆ రసీదులోనే ఓటరు చెప్పొచ్చు. కావాలంటే నింపిన ఫారాన్ని నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు బీఎల్వోనే ఇంటి నుంచి తీసుకెళ్లి వెంటనే రిటర్నింగ్ అధికారికి అందజేయాలి. ఈ పని సాగుతోందా లేదా అని సెక్టార్ ఆఫీసర్ (కొన్ని పోలింగ్ కేంద్రాలను కలిపి చూసే అధికారి) చూస్తుంటారు, వాళ్లందరి మీద రిటర్నింగ్ అధికారి ఉంటారు.

ఆ ఐదు రోజుల్ని ఎలా లెక్కపెట్టాలి అనే దగ్గర వాదనలు పెట్టుకోవద్దు. నోటిఫికేషన్ వచ్చిన రోజునే ఒకటో రోజుగా లెక్కేసుకుంటే ఏ చిక్కూ ఉండదు. 2024లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది, పోలింగ్ మే 13న. మధ్యలో మూడు వారాల పైన ఉంది కదా అని నిమ్మళంగా ఉన్నవాళ్లకు చివరికి దక్కింది బూత్ ముందు క్యూ.

ఓటరు వైపు నుంచి చేయాల్సింది ఏమిటంటే, నోటిఫికేషన్ వచ్చిన మర్నాటికి బీఎల్వో రాకపోతే మీరే ఫోన్ చేయండి. ఎపిక్ నంబరుతో వెతికితే మీ పోలింగ్ కేంద్రం బీఎల్వో వివరాలు పోర్టల్‌లోనే కనిపిస్తాయి. లేదంటే ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయొచ్చు. నింపిన ఫారం ఇచ్చేటప్పుడు రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. ఇచ్చిన తేదీ, తీసుకున్నవారి పేరు కూడా రాసుకోండి. తర్వాత "మీ ఫారం మాకు అందలేదండీ" అనే మాట వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

బీఎల్వో వైపు నుంచి అయితే, జాబితాలో ఉన్న ప్రతి పేరుకూ ఎదురుగా ఏదో ఒక ఫలితం రాసి ఉండాలి: కావాలన్నారు, వద్దన్నారు, రెండుసార్లు వెళ్లినా దొరకలేదు, చనిపోయారు, ఇల్లు మారారు. వద్దన్నవాళ్ల దగ్గర సంతకం తీసుకోవడం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నా దృష్టిలో కావాలన్నవాళ్ల సంతకం కంటే అదే ముఖ్యం. పోలింగ్ రోజు మనవడొచ్చి "మా తాతకు అసలు ఫారమే ఇవ్వలేదు" అని గొడవకు దిగితే బీఎల్వోను కాపాడేది ఆ ఒక్క కాగితమే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కోడలు "మా అత్తగారికి ఎందుకులెండి" అంటే దాన్ని వద్దన్నట్టు రాసుకోకూడదు. అడగాల్సింది అత్తగారిని. చెవులు వినపడకపోతే గట్టిగా అడగాలి, నిద్రపోతుంటే మళ్లీ రావాలి.

ఫారం నింపడం

ఇది ఒక పేజీ పని. రిటర్నింగ్ అధికారికి రాసినట్టుగా ఉంటుంది. పేరు, నియోజకవర్గం, ఓటరు జాబితాలో పార్ట్ నంబరు, వరుస సంఖ్య, ఏ వర్గం కింద అడుగుతున్నారు, చిరునామా, ఫోన్ నంబరు. పార్ట్ నంబరు, వరుస సంఖ్య నోటి లెక్కన వేయొద్దు. జాబితా సవరించిన ప్రతిసారీ వరుస సంఖ్య మారుతుంటుంది. పోయిన ఎన్నికల ఓటరు స్లిప్పు చూసి రాస్తే తప్పు పడే ప్రమాదం ఉంది.

దివ్యాంగులు వైకల్య ధ్రువపత్రం నకలు జతచేయాలి. సంతకం చేయలేనివాళ్ల వేలిముద్రను బీఎల్వో ఎదురుగా వేయించడం మంచిది. ఫోన్ నంబరు దగ్గర పెద్దవాళ్ల పాత ఫోన్ నంబరు కాకుండా, ఇంట్లో ఎత్తేవాళ్ల నంబరు ఇవ్వండి. బృందం ఎప్పుడొస్తుందో చెప్పే సందేశం దానికే వస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరు అర్హులుంటే రెండు ఫారాలు నింపాలి, ఒకదాంట్లోనే ఇద్దరి పేర్లు రాస్తే కుదరదు.

పార్టీ మనుషులు ఫారం తెస్తే

ఇక్కడ కాస్త నిలబడి ఆలోచించాలి. ఎన్నికల సంఘం మార్గదర్శకాల్లో 12డి పంచే బాధ్యత, తిరిగి సేకరించే బాధ్యత రెండూ బీఎల్వోవే. పార్టీల బూత్ ఏజెంట్లకు ఇందులో ఆ పాత్ర ఇవ్వలేదు. వాళ్లకు ఇచ్చిన హక్కులు వేరు: ఆమోదం పొందిన ఓటర్ల జాబితాను రిటర్నింగ్ అధికారి గుర్తింపు పొందిన పార్టీలకు ముద్రించి ఇస్తారు, బృందాలు ఏ రోజు ఏ దారిలో తిరుగుతాయో అభ్యర్థులకు ముందే తెలియజేస్తారు, కావాలంటే వాళ్ల ప్రతినిధి దగ్గరుండి చూడొచ్చు. అది నిఘా కోసం ఇచ్చిన హక్కు.

కాబట్టి వీధిలో తెలిసిన కుర్రాడొచ్చి "అంకుల్, ఇలా ఇవ్వండి, నేను ఆఫీసులో ఇచ్చేస్తా" అంటే మొహమాటపడకుండా బీఎల్వోకే ఇస్తామని చెప్పండి. ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు. కానీ మీ ఎపిక్ నంబరు, ఫోన్ నంబరు, సంతకం ఉన్న కాగితం ఎవరి చేతిలో ఎన్నాళ్లుంటుందో మీకు తెలియదు. ఐదో రోజు దాటాక అది ఆయన బండి డిక్కీలోనే దొరికితే పోయేది మీ ఇంటి ఓటు. ఏజెంట్లు చేయగలిగిన మంచి పని ఒకటుంది. తమ బూత్‌లో అర్హులెవరో గుర్తించి, వాళ్ల ఇంటికి బీఎల్వో వెళ్లాడా లేదా అని కనుక్కుని, వెళ్లకపోతే సెక్టార్ ఆఫీసర్ చెవిన వేయడం.

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో, అప్పట్లో ఇంటింటికీ పింఛన్లు పంచే గ్రామ, వార్డు వలంటీర్లను ఎన్నికల పనులకు దూరంగా ఉంచాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. పింఛన్ తెచ్చే మనిషే ఓటు కాగితం కూడా తెస్తే పెద్దవాళ్లు దాన్ని ఎలా అర్థం చేసుకుంటారో ఊహించుకోవచ్చు.

ఓటు కోసం డబ్బో వస్తువో ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 173వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు శిక్ష పడే నేరం. ఎన్నికల విధుల్లో ఉన్న అధికారి ఫలానావాళ్లకు వేయమని గానీ, అసలు వేయొద్దని గానీ ఓటరును ఒప్పించబోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 129వ సెక్షన్ వర్తిస్తుంది. అందులో ఆరు నెలల దాకా శిక్ష ఉంది.

ఇదే పని అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పూర్తిగా తలకిందులు. అక్కడ 65 ఏళ్లు నిండితే పోస్టు ద్వారా ఓటు అడగొచ్చు. కానీ ఓటరు అడగకుండా ప్రభుత్వ అధికారి ఆ దరఖాస్తు పంపితే, 2021లో వచ్చిన చట్టం ప్రకారం అది జైలుశిక్ష పడే నేరం. అంతకుముందు 2020లో హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీ క్లర్క్ నమోదైన ఓటర్లందరికీ దరఖాస్తులు పంపబోతే రాష్ట్ర సుప్రీంకోర్టు ఆపింది. పార్టీలు, అభ్యర్థులు మాత్రం అక్కడ పంపొచ్చు. అంటే మన దగ్గర అధికారి తప్పనిసరిగా గడపకు తేవాల్సిన కాగితాన్ని, అక్కడ అధికారి అడగకుండా ఇవ్వకూడదు. డాలస్‌లో, హ్యూస్టన్‌లో పౌరసత్వం వచ్చిన మన పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ తేడా తెలిసి ఉండాలి. కౌంటీ నుంచి ఫారం దానంతట అదే వస్తుందని కూర్చోకుండా అడిగి తెప్పించుకోవాలి. నింపినది పోలింగ్‌కు 11 రోజుల ముందే ఆఫీసుకు చేరిపోవాలి.

ఆమోదం వచ్చాక వెనక్కి దారి లేదు

రిటర్నింగ్ అధికారి 12డిని ఆమోదించగానే ఓటరు జాబితాలో ఆ పేరు ఎదురుగా 'పీబీ' (పోస్టల్ బ్యాలెట్) అని గుర్తు పడుతుంది. ఆ గుర్తు పడిన మనిషి పోలింగ్ రోజు బూత్‌కు వెళ్లినా ఓటు వేయనివ్వరు. "ఒంట్లో బాగుంది, సరదాగా బూత్‌కే వెళ్తాను" అంటే కుదరదు. నాకు తెలిసినంతలో పెద్దవాళ్లు ఎక్కువగా బాధపడేది దీనికే. చాలామందికి ఓటంటే ఇస్త్రీ బట్టలు కట్టుకుని, నలుగురినీ పలకరిస్తూ వెళ్లి, వేలికి సిరా చుక్క వేయించుకుని రావడం. నడవగలిగే ఓపిక, నడిపించే మనిషి ఉంటే ఫారం ఇవ్వకపోవడమే మంచిదేమో ఆలోచించండి. ఇది ఐచ్ఛికం, ఎవరూ బలవంతం చేయకూడదు. బీఎల్వోలు కూడా ఎక్కువ ఫారాలు తేవడం ఘనత అనుకోకుండా, ఈ విషయం చెప్పాకే సంతకం తీసుకోవాలి.

బృందం వచ్చే రోజు

ఇద్దరు పోలింగ్ అధికారులు, వీడియో తీసే మనిషి, భద్రతా సిబ్బంది వస్తారు. తేదీ, సమయం ముందే చెబుతారు. మొదటిసారి వచ్చినప్పుడు ఓటరు ఇంట్లో లేకపోతే రెండోసారి వస్తారు, మూడోసారి రారు. ఆ రెండుసార్లూ తప్పితే ఇంటి ఓటూ పోయింది, పైన చెప్పిన గుర్తు వల్ల బూత్ ఓటూ పోయింది. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన పనులేమైనా ఉంటే వేరే రోజుకు మార్చుకోండి.

గుర్తింపు చూశాక ఫారం 13ఏ అనే డిక్లరేషన్ మీద ఓటరు సంతకం తీసుకుని అధికారి ధ్రువీకరిస్తారు. గుర్తు పెట్టిన బ్యాలెట్ 13బి అనే చిన్న కవరులోకి వెళ్తుంది. దాన్ని, 13ఏని కలిపి 13సి అనే పెద్ద కవరులో పెడతారు. 13ఏ పొరపాటున చిన్న కవరులోకి వెళ్లినా, సంతకం లేకపోయినా ఆ ఓటు చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగుల పోస్టల్ బ్యాలెట్ల మీద ఇదే 13ఏ ధ్రువీకరణ వివాదమై సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి కవర్లు అంటించేదాకా అక్కడే ఉండి చూడండి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు కలిసి వస్తే బ్యాలెట్లు రెండు ఉంటాయి: లోక్‌సభది తెలుపు, అసెంబ్లీది గులాబీ రంగు.

ఎవరికి వేశారో వీడియోలో కనపడకూడదు. గుర్తు పెట్టే సమయంలో ఇంట్లోవాళ్లు, పార్టీ ప్రతినిధి, అధికారులు అందరూ పక్కకు తప్పుకోవాలి. చూపు లేనివాళ్లు, చేయి వణికి గుర్తు పెట్టలేనివాళ్లు తమకు నచ్చిన, 18 నిండిన మనిషి సాయం తీసుకోవచ్చు. ఎవరు కావాలో చెప్పాల్సింది ఓటరే. "మా నాన్న నేనెలా చెబితే అలా" అనే కొడుకును అధికారి మర్యాదగానే బయటికి పంపించాలి.

అత్యవసర సేవల ఉద్యోగులు

కరెంటు, వైద్యం, అగ్నిమాపక, రవాణా వంటి శాఖల్లో ఏవి వస్తాయో ఎన్నికల సంఘం ఆ ఎన్నికకు నోటిఫై చేస్తుంది. ఎన్నికల సంఘం పాసులున్న విలేకరులకూ ఈ వీలు ఇస్తున్నారు. వీళ్ల ఇంటికి ఎవరూ రారు. ఆఫీసులో ఈ పని కోసం నియమించిన నోడల్ అధికారి ధ్రువీకరణతో 12డి వెళ్తుంది, గడువు అవే ఐదు రోజులు. పోలింగ్‌కు ముందు పోస్టల్ ఓటింగ్ కేంద్రాన్ని మూడు రోజులు, ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు తెరుస్తారు. వెళ్లి అక్కడే వేయాలి.

పని జరగకపోతే

ముందు బీఎల్వో, తర్వాత సెక్టార్ ఆఫీసర్ లేదా తహసీల్దార్ ఆఫీసు, ఆపైన రిటర్నింగ్ అధికారి. ఫోన్లతోనే సరిపెట్టకుండా గడువు లోపల రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. డబ్బు పంపిణీ, బెదిరింపు లాంటివి కంటపడితే ఎన్నికల సంఘం వారి సీ-విజిల్‌లో ఫోటోతో ఫిర్యాదు చేయొచ్చు.

ఇదంతా అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు, వాటి ఉప ఎన్నికలకు సంబంధించినది. సర్పంచ్, ఎంపీటీసీ, మున్సిపల్ ఎన్నికలను నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, వాటి చట్టాలు వేరు. అక్కడ 12డి చూపించి ఇంటి ఓటు అడిగితే బీఎల్వో చేయగలిగింది ఏమీ ఉండదు.